పాట అందరిది, గొంతు ఒకరిది

కిందటి వేసవి సెలవుల్లో మా ఇంటికి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఇద్దరూ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాళ్లే. అబ్బాయి ఇప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాడు. అమ్మాయి అక్కడే బీఈడీ చేస్తోంది. అబ్బాయి భుజాన గిటార్ ఉంది. ఎవరో వాడి వదిలేసింది తక్కువ డబ్బుకి కొన్నానని, హాస్టల్లో ఫోన్ చూసి నేర్చుకున్నానని చెప్పాడు. అమ్మాయి గొంతు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె బడిలో ప్రార్థన పాడుతుంటే వాగు అవతల పశువులు కాసేవాళ్లు కూడా నిలబడి వినేవారు.

వాళ్లు ఒక ఆల్బం చేద్దామనుకుంటున్నారు. ఎనిమిది పాటలు. ఒక గిటార్, ఒక గొంతు, అంతే. డీజే మోత ఉండదు, కరెంటు వాయిద్యాలు ఉండవు. రాక్ పాటలో ఉండే ఊపు గిటార్ ఇస్తుంది, బలమంతా ఆడగొంతుదే. అన్నీ మన కోయ ఆడవాళ్ల పాటలే. "సార్, మీ దగ్గర పాత రికార్డులు ఉన్నాయని విన్నాం. మీ పెద్దమ్మగారు పాడినవి కూడా ఉన్నాయట. ఇస్తారా?" అని అడిగారు.

ఇస్తాను అనలేదు, ఇవ్వను అనలేదు. టీ ఇచ్చి, ఊరి కబుర్లు చెప్పి పంపించాను. వాళ్లు చిన్నబోయి వెళ్లారు. ఆ రోజు నోరు పెగలక చెప్పలేని మాటలే ఈ వ్యాసం. ఇది ఆ ఇద్దరికీ, వాళ్లలాంటి మన పిల్లలందరికీ, వాళ్లకు చదువు చెప్పే నాలాంటి మాస్టర్లకీ.

ముందు నా తప్పు చెప్పుకోవాలి.

మా ఊరు చింతూరు వైపు, శబరికి దగ్గర. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఒక పెద్దాయన పోయారు. దినం రోజు రాత్రి డోలు మోగుతుండగా మా పెద్దమ్మ పాడింది. మన దగ్గర చావు పాట అంటే ఉత్త ఏడుపు కాదని మీకు తెలుసు. పోయినవాడి పేరు పెట్టి పిలుస్తారు. వాడి గట్టు, వాడి గోత్రం చెబుతారు. నువ్వు ఏ కొండ మీద పోడు కొట్టావు, ఏ వాగులో చేప పట్టావు, ఎవరి మీద అలిగావు, ఎవరికి అప్పు పడ్డావు అని అడుగుతారు. దారి తప్పకుండా పెద్దలను చేరుకోమని సాగనంపుతారు. మా పెద్దమ్మ గొంతు సన్నం కాదు, తియ్యన కాదు. ఎండు వెదురు చీలినట్టు ఉంటుంది. ఆ రాత్రి ఆ గొంతు విని నాకు ఒళ్లు జలదరించింది. జేబులోంచి ఫోన్ తీసి రికార్డు చేశాను. ఆమెను అడగలేదు. సొంత పెద్దమ్మే కదా, అడగడమేమిటి అనుకున్నాను. మర్నాడు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "ఇదీ మన సంపద" అని కింద రాశాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాకు గర్వంగా అనిపించింది.

ఏడాది తిరక్కుండానే రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పెద్ద పెద్ద బాక్సులు పెట్టి పాటలు వేస్తున్నారు. ఒక పాట మొదలైంది. కింద గిటార్, దాని కింద డప్పు దరువు, పైన మా పెద్దమ్మ గొంతు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కుర్రవాళ్లు చేతులు పైకెత్తి ఎగురుతున్నారు. పక్కనున్నాయన ఫోన్‌లో వెతికి చూపించాడు. పాట పేరు దగ్గర "ట్రైబల్ సాంగ్" అని ఉంది. సంగీతం చేసినవాళ్ల పేరు ఉంది. పాడినవారి పేరు దగ్గర ఏమీ లేదు.

ఊరికి వచ్చి పెద్దమ్మకు చెప్పాను. మొదట నవ్వింది. "నా గొంతు రాజమండ్రి దాకా పోయిందా, నేను పోలేదు" అంది. తరువాత, పాట ఏదని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. చేటలో బియ్యం చెరుగుతూనే, "అది చావు పాట కదరా, పెళ్లిలో ఎందుకు పెట్టారు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సంగీతం చేసినవాళ్లను తిట్టడం తేలిక. కానీ మొదటి చెయ్యి నాది. ఆ పాటను ఆ రాత్రి నుంచి, ఆ చావు నుంచి, ఆ మనిషి పేరు నుంచి విడదీసి బయటికి పంపింది నేనే. నేను మనవాడినే, చదువుకున్నవాడినే, మంచి ఉద్దేశంతోనే చేశాను. అందుకే ఈ విషయాన్ని "మనం, వాళ్లు" అని రెండు ముక్కలు చేసి మాట్లాడితే నిజం బయటపడదు.

ప్రశ్న ఇది. తరతరాలుగా వస్తున్న పాటకు యజమాని ఎవరూ లేరు. మరి యజమాని లేని వస్తువును తీసుకుంటే అది దొంగతనం ఎలా అవుతుంది? దొంగతనం కాకపోతే, మా పెద్దమ్మ ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను తల ఎందుకు దించుకున్నాను?

మన గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న కొత్తది కాదు. దాదాపు తొంభై, వందేళ్ల కిందట కాకినాడలో వింజమూరి వారి ఇంట ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు, అనసూయ, సీత. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి మేనకోడళ్లు. అనసూయ గారు 1920లో పుట్టారు. చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డుకు పాడారు. ఒక హార్మోనియం, రెండు గొంతులు, అదే వారి కచేరీ. ఆ రోజుల్లో సభలో పాడడమంటే శాస్త్రీయ సంగీతమే. పొలం పాట, దంపుడు పాట, పడవ పాట పెద్దల వేదిక ఎక్కే పాటలు కావు. పెద్దింటి ఆడపిల్లలు నలుగురిలో పాడడమే వింత. అటువంటి కాలంలో ఆ ఇద్దరూ పల్లె పాటను వేదిక మీదికి, రేడియోలోకి, రికార్డులోకి తెచ్చారు. అనసూయ గారు వాటికి స్వరాలు కట్టి పుస్తకాలు వేశారు. సీత గారు ఆకాశవాణిలో జానపద సంగీతం చూశారు, "మా భూమి" సినిమా సంగీతంలోనూ ఆమె చెయ్యి ఉంది. అనసూయ గారు 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూసేదాకా ఆ పాటలను వదల్లేదు. రాజమండ్రి వైపు నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేసి "మిన్నేరు", "సెలయేరు" వంటి సంకలనాలు వేశారు. వీళ్లు లేకపోతే ఆ పాటల్లో చాలా భాగం ఈపాటికి మట్టిలో కలిసిపోయేవి. ఈ ఋణం ఒప్పుకోకుండా మాట్లాడడం తప్పు.

అయినా ఒక మాట. సీత, అనసూయ అన్న రెండు పేర్లు తెలుగువాళ్లకు తెలుసు. వాళ్లకంటే ముందు ఆ పాటలను నాట్లలో, తిరగలి దగ్గర, రోకలి పోటుతో పాడిన ఆడవాళ్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు? ఒక్కటి కూడా తెలియదు. దీనికి ఆ అక్కచెల్లెళ్లను తప్పుపట్టలేం. పాట ఎవరి దగ్గర విన్నామో రాసిపెట్టాలన్న ఆలోచనే ఆనాటి సమాజానికి లేదు. కూలి ఆడదాని పేరు రాసుకోవలసిన పేరని ఎవరూ అనుకోలేదు. కానీ ఆనాడు లేని ఆలోచన ఈనాడు ఉంది. తెలియక చేసినదానికి క్షమ ఉంటుంది. తెలిసీ చేస్తే ఆ క్షమ ఉండదు.

తెలిసిన కాలంలో ఏం జరిగిందో చూద్దాం. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులు ఉన్నాయి. అక్కడ మలైటా అనే దీవిలో అఫునాక్వా అనే ఆమె 1970 ప్రాంతంలో ఒక జోలపాట పాడింది. హ్యూగో జెంప్ అనే సంగీత పరిశోధకుడు రికార్డు చేశాడు. ఆమె పేరు, ఊరు, భాష అన్నీ రాసిపెట్టాడు. అది అమ్మ పాడే జోల కాదు. తండ్రి పోయిన పసిబిడ్డను తోడబుట్టినవాడు ఊరుకోబెట్టే పాట. 1992లో ఫ్రాన్స్‌కు చెందిన ఇద్దరు సంగీతకారులు డీప్ ఫారెస్ట్ అనే పేరుతో ఒక ఆల్బం తెచ్చారు. అందులో అందరికీ నచ్చిన పాట అఫునాక్వా గొంతు మీద కట్టిందే. ఆ ఆల్బం లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ఆ గొంతు ప్రకటనల్లోకి కూడా వెళ్లింది. ఆల్బం పేరేమో "దట్టమైన అడవి", చెప్పిన కథేమో ఆఫ్రికా అడవుల్లో ఉండే పిగ్మీలది. దాంతో విన్నవాళ్లు దాన్ని ఆఫ్రికా పాట అనుకున్నారు. తరువాత 1996లో నార్వేకు చెందిన పేరున్న సంగీతకారుడు ఒకాయన అదే బాణీని "పిగ్మీ జోలపాట" అని పేరు పెట్టి వాయించాడు. పసిఫిక్ దీవి ఎక్కడ, ఆఫ్రికా అడవి ఎక్కడ! ఒక ఆడమనిషి గొంతు ప్రపంచమంతా తిరిగింది. ఆ తిరుగుడులో మొదట ఆమె పేరు పోయింది, తరువాత ఆమె ఊరు పోయింది, చివరికి ఆ పాట అర్థం పోయింది.

ఇది చదివినప్పుడు నాకు రాజమండ్రి పెళ్లి గుర్తొచ్చింది. దిక్కులేని బిడ్డ పాట వస్తువులు అమ్మడానికి పనికొచ్చింది. చావు పాట పెళ్లి భోజనాలకు పనికొచ్చింది.

ఇంకొకటి తైవాన్ కథ. అక్కడ అమిస్ అనే ఆదివాసీ తెగకు చెందిన దిఫాంగ్ అనే ముసలాయన, ఆయన భార్య ఇగాయ్ కలిసి పాడేవారు. వ్యవసాయం చేసుకునే దంపతులు. 1988లో వాళ్లు యూరప్ వెళ్లి పాడినప్పుడు ఫ్రాన్స్‌లో రికార్డు చేశారు. కొన్నేళ్లకు ఎనిగ్మా అనే బృందం ఆ గొంతును తమ పాటలో కలిపింది. ఆ పాట దేశదేశాల్లో మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా వాడారు. పాడిన దంపతులకు ఎవరూ చెప్పలేదు. తమ గొంతు తామే విని తెలుసుకున్నారు. 1998లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, వాళ్ల పేరుకు గుర్తింపు వచ్చింది. ముసలితనంలో, పరాయి దేశపు కోర్టులో, పెద్ద కంపెనీల మీద. ఈ కథను నేను పిల్లలకు ఎందుకు చెబుతానంటే, ఆదివాసీ అడిగితే అయ్యేది ఏముంది అనుకునేవాళ్లు మనలోనే ఎక్కువ.

ఇంటికి దగ్గరగా కూడా ఒక ఉదాహరణ ఉంది, అది మంచి ఉదాహరణ. 2018లో రాజమండ్రికి దగ్గర్లోని వడిసలేరులో పసల బేబి అనే కూలి పని చేసుకునే ఆమె పాడిన ఒక సినిమా పాట ఫోన్లలో తిరిగింది. ఆ పాట బాణీ కట్టిన ఏ.ఆర్. రెహమాన్ కూడా ఆ వీడియో చూసి పదిమందికీ చూపించారు. అప్పటికి ఆయనకు ఆమె పేరు తెలియదు. తరువాత ఆమె ఎవరో తెలిసింది. సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమె చేత పాట పాడించారు. ఆ తరువాత 2021లో "భీమ్లా నాయక్" సినిమాలో అడవితల్లి పాటను మంచిర్యాల వైపు పల్లెకు చెందిన దుర్గవ్వ, సాహితి చాగంటితో కలిసి పాడింది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వేశారు. గొంతు ఒకటే చోట ఉంటే సరిపోదు, ఆ గొంతుకు ఒక పేరు తగలాలి. పేరు తెలిసిన గొంతును వెతుక్కుంటూ ఎవరైనా వస్తారు. పేరు తెలియని గొంతు ఎంత దూరం పోయినా, పాడిన మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇక చట్టం సంగతి. మాస్టర్లు ఇది తెలుసుకుని పిల్లలకు చెప్పాలి. మన దేశపు కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసినవారికి వారి జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రేల పాట ఎవరు రాశారు? ఎవరూ చెప్పలేరు. రాసినవారు తేలని పాతకాలపు పాటను ఎవరైనా వాడుకోవచ్చు. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. కానీ అదే చట్టంలో ప్రదర్శకుల హక్కు అని మరొకటి ఉంది. 1994 సవరణలో అది వచ్చింది, 2012 సవరణలో బలపడింది. పాట ఎవరిదైనా కావచ్చు. పాడిన మనిషికి ఆ పాడిన తీరు మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. పాడింది ఫలానావారని పేరు చెప్పించుకునే హక్కు ఉంది. తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రం చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఉంది. అంటే చట్టం కూడా ఒక మాట ఒప్పుకుంది. పాట అందరిది కావచ్చు, గొంతు మాత్రం ఒకరిది.

ఇంకా ఉంది. 1996 పెసా చట్టం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సమర్థత గ్రామసభకు ఉందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టంలో భూమి పట్టాల గురించి మనందరికీ తెలుసు. అందులోనే జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఉందన్న మాట కూడా ఉంది. పట్టా కోసం ఆ చట్టాన్ని ఎన్నోసార్లు చదివించుకున్నాం. ఆ ఒక్క వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన మన ప్రశ్న తీరదు. ఎందుకంటే ఎదురు వాదన కూడా బలమైనదే. ఆ అబ్బాయి నాతో అనలేదు గానీ, అని ఉండవచ్చు: "సార్, పాటకు కంచె కడితే పాట చచ్చిపోతుంది. మన అవ్వలు కూడా పక్క ఊరి పాట విని మార్చి పాడినవాళ్లే. పెళ్లయి వచ్చిన కోడలు పుట్టింటి పాట తెచ్చింది. సంతలో విన్న పాటకు మన మాటలు పెట్టుకున్నాం. అడిగి ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు అనుమతులు, పేర్లు, పంపకాలు అంటే మన పిల్లలు సినిమా పాటలే పాడుకుంటారు. అప్పుడు మీ రికార్డులు మీ ఫోన్‌లోనే చచ్చిపోతాయి."

ఇందులో నిజం ఉంది. పోలవరం ముంపులో ఊళ్లు లేస్తున్నాయి. ఒకే వరసలో భుజాల మీద చేతులు వేసుకుని రేల ఆడిన ఆడవాళ్లు తలొక పునరావాస కాలనీకి చెదిరిపోతున్నారు. రేల ఒక్కరు పాడేది కాదు. ఒక గుంపు అంటే ఇంకో గుంపు అందుకోవాలి. వరస తెగితే పాట తెగుతుంది. ఇటువంటి సమయంలో గిటార్‌తో అయినా సరే, ఒక ఆడపిల్ల ఆ పాటను నోట పట్టుకుంటానంటే కాదనడానికి నేనెవరిని?

కానీ కోడలు తెచ్చిన పాటకూ, ఆల్బంలోకి వెళ్లిన పాటకూ ఒక తేడా ఉంది. కోడలు పాటతోపాటు తానూ వచ్చింది. ఆ పాట ఎప్పుడు పాడాలో, ఎప్పుడు పాడకూడదో ఆమెకు తెలుసు. తప్పు పాడితే సరిదిద్దడానికి ఆమె అక్కడే ఉంది. పాట తీసుకున్న ఊరు ఆమెకు అన్నం పెట్టింది, ఆమె బిడ్డలను తమ బిడ్డలంది. అక్కడ పాట మారిందే గాని, పాడిన మనిషి నుంచి విడిపోలేదు. ఆల్బంలో పాట ఒక్కటే పోతుంది. మనిషి ఇక్కడ ఉండిపోతుంది. సరిదిద్దేవారు ఎవరూ వెంట ఉండరు.

అందుకే "యజమాని లేరు" అన్న మాటకు "బాధ్యత లేదు" అన్న అర్థం రాదు. మన అడవిలోనే చూడండి. ఇప్పచెట్టు ఎవరు నాటారు? తేనెపట్టు ఎవరు పెట్టారు? ఎవరిదీ కాదు. అయినా తేనె తీసేవాడు పట్టు మొత్తం కోసేయడు, మళ్లీ ఏటికి కొంత వదులుతాడు. కొత్త మామిడికాయ పండుగ చెయ్యకుండా తినం. ఎవరిదీ కానిదాన్ని ముట్టుకునే ముందే మనవాళ్లు ఎక్కువ నియమాలు పెట్టుకున్నారు. సొంతదానికి సొంతదారు కాపలా ఉంటాడు. అందరిదానికి నియమమే కాపలా. మనం అడవికి పెట్టుకున్న నియమాన్ని పాటకు పెట్టుకోవడం మరిచిపోయాం. పాట తరిగేది కాదు కదా, ఎంత తీసినా ఉంటుంది కదా అనుకున్నాం. పాట మాటలు తరగవు. ఆ పాటకున్న చోటు తరుగుతుంది. చావు పాట నాలుగు పెళ్లిళ్లలో మోగాక, చావింట్లో దాన్ని ఎత్తుకునేటప్పుడు కుర్రవాడు పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంటాడు. ఆ ఇంటికి ఆ పాట ఇక పూర్తిగా పనికిరాదు. పోయింది అదే.

ఆడగొంతు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 2021లో గుస్సాడి కనకరాజు గారికి, 2022లో మన కోయల కంచుతాళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీలు వచ్చాయి. తగినవారికి వచ్చాయి. మనందరం సంబరపడ్డాం. ఇద్దరూ 2024లో దూరమయ్యారు, బాధపడ్డాం. ఆ పెద్దలను తలచుకుంటూనే మన ఇళ్ల వైపు కూడా చూసుకుందాం. డోలు కొట్టేవాడిని, కొమ్ములు కట్టుకుని ఆడేవాడిని ఊరంతా పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఫోటోలో ముందుంటాడు. రేల పాడేవాళ్లను "ఆడవాళ్లు" అంటాం, "గుంపు" అంటాం. పాట ఎత్తుకునే ఆమె ఎవరో మన రాతల్లో ఎక్కడుంది? సంగీతం చేసినవాళ్లు పేరు దగ్గర ఖాళీ వదిలారని నాకు కోపం వచ్చింది. వాట్సాప్‌లో "మన సంపద" అని రాసినప్పుడు నేను మాత్రం పెద్దమ్మ పేరు రాశానా? రాయలేదు. ఆ ఖాళీ నా దగ్గరే మొదలైంది. వాళ్లు దాన్ని అలాగే ఉంచారు.

కాబట్టి ఆ ఇద్దరు పిల్లలకు నా జవాబు: ఆల్బం చెయ్యండి. గిటార్ వాయించండి. గిటార్ వల్ల మన పాట మైలపడదు, హార్మోనియం కూడా ఒకప్పుడు కొత్తదే. కానీ పాట తీసుకునే ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. ఇది ఎవరు పాడారు? ఏ సందర్భంలో పాడేది? ఎవరిని అడగాలి? తిరిగి ఏమిస్తాం? ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ పాటను పక్కన పెట్టండి. పెళ్లి పాటలు, విత్తనాల పాటలు, వెన్నెల పాటలు, ఆటపట్టించే పాటలు మనకు కొల్లలు. అవి నలుగురి కోసం పుట్టినవి, నలుగురిలోకి పోతాయి. ఇలవేల్పు కథలు, చావు పాటలు ఒకరి కోసమే పుడతాయి. వాటిని ముట్టుకోకండి. పాడిన అవ్వ పేరు గిటార్ వాయించినవాడి పేరు పక్కనే వెయ్యండి, అంతే పెద్ద అక్షరాలతో. పది రూపాయలు వస్తే ఎలా పంచాలో పాట రికార్డు కాకముందే ఊళ్లో కూర్చుని చెప్పండి. వచ్చాక చెబితే అది దానం, ముందు చెబితే అది వాటా.

మాస్టర్లకు నా మాట: ఊరి పాటలు సేకరించమని పిల్లలకు పని ఇస్తూ ఉంటాం. పాట రాసుకొచ్చిన పిల్లవాడికి మార్కులు వేస్తాం. ఇక నుంచి పాడినవారి పేరు, ఎప్పుడు పాడే పాటో రాయకపోతే సగం మార్కులే వేద్దాం. పదేళ్ల వయసులో పడిన అలవాటు ఇరవై ఏళ్ల వయసులో స్టూడియోలో కూడా ఉంటుంది.

ఇదంతా రాసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. చదివి వినిపించాను. నాలుగు ప్రశ్నలకూ తల ఊపింది. "ఆ పాట మీద నీ పేరు వేయిస్తాను, వాళ్లకు రాశాను" అన్నాను. వాళ్ల నుంచి ఈ రోజు వరకు జవాబు రాలేదు, అది వేరే సంగతి. పెద్దమ్మ నా వంక వింతగా చూసింది. "నా పేరెందుకురా? నేనెవరి కోసం పాడానో వాడి పేరు కదా ఆ పాటలో ఉంది. వాడి పేరు పిలిచి పిలిచి పాడితే, అంతమంది విని ఒక్కడికీ వినపడలేదా?" అంది.

నేను పాట ఎవరిది అని ఇన్నాళ్లూ లెక్కలు వేశాను. ఊరిదా, పాడినవారిదా, సంగీతం కట్టినవారిదా అని. ఆమె లెక్కలో ఆ పాట పోయినవాడిది. పాడి అతనికి ఇచ్చేసింది. ఇచ్చేసినదాన్ని నేను అతని చేతిలోంచి తీసుకుని ఊరేగించాను. ఏ చట్టంలోనూ లేని హక్కు అది. ఆ రికార్డు ఆ రోజే నా ఫోన్‌లోంచి తీసేశాను. బయటికి పోయినదాన్ని వెనక్కి తేలేను. ఆ పిల్లలు మళ్లీ వచ్చినప్పుడు పెద్దమ్మ వేరే రెండు పాటలు పాడి ఇచ్చింది. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు పాడిన చోట తొడ మీద చరుస్తూ నేర్పింది.

మా వైపు భూమి పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి రేల పాడతారు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఇది అనుభవమే. బస్సయినా కారయినా ఆగాలి, పాట వినాలి, ఎంతో కొంత ఇచ్చి కదలాలి. కొందరు దీన్ని అడుక్కోవడం అంటారు. నాకు ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. మన దారిన పోయేవాడు, మన పాట విన్నవాడు ఊరికే పోకూడదన్న నియమాన్ని మన ఆడవాళ్లు ఎప్పుడో పెట్టారు. ఈ ఏడు కారులోంచి ఒకాయన ఫోన్ బయటికి పెట్టి వీడియో తీస్తుంటే, మా చెల్లెలు తాడు దించలేదు. ఆయన యాభై రూపాయలు ఇచ్చాడు. తీసుకుంది. తాడు అలాగే పట్టుకుని, "ఏ ఊరు అన్నా మీది? ఇది ఎక్కడ పెడతారు?" అని అడిగింది. ఆయన చెప్పాడు. అప్పుడు తాడు దించింది.